హెర్పిస్ మెదడువాపు తగ్గి ఇంటికొచ్చిన మనిషి మళ్లీ దిగజారితే: మొదటి మూడు నెలలు కనిపెట్టుకోవడం ఎలా

హెర్పిస్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చింది. 21 రోజులు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు ఎక్కించారు. జ్వరం పోయింది, ఫిట్స్ ఆగాయి, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టడం మొదలైంది, డిశ్చార్జి చేశారు. ఇంటికొచ్చాక పది పదిహేను రోజులు రోజుకింత మెరుగవుతున్న మనిషి ఉన్నట్టుండి రాత్రిళ్లు నిద్రపోవడం మానేస్తాడు. లేనివాళ్లతో మాట్లాడతాడు, కోపంతో చేతికందింది విసిరేస్తాడు. పసిబిడ్డయితే కాళ్లూ చేతులూ మెలికలు తిరుగుతుంటాయి, నాలుక లోపలికీ బయటికీ ఆడుతుంటుంది, వచ్చిన నాలుగు మాటలూ పోతాయి.

అప్పుడు చుట్టూ రెండు మాటలు వినిపిస్తాయి. "మెదడు దెబ్బతింది కదా, ఇక ఇంతే" అనేది ఒకటి. "వైరస్ తిరగబెట్టింది" అనేది రెండోది. ఈ రెండూ కొందరి విషయంలో నిజమే. కానీ మూడో కారణం ఒకటుంది, ఈ మూడింటిలో ఎక్కువగా చెయ్యిజారిపోయేది అదే. వైరస్ పోయాక, దాన్ని తరిమిన రోగనిరోధక వ్యవస్థే మెదడు మీద తిరగబడటం. దీనికి మందులున్నాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. డిశ్చార్జి రోజు నుంచి మూడు నెలల పాటు ఇంట్లో ఏం చూడాలి, ఆసుపత్రిలో ఏ పరీక్ష ఏ వరసలో అడగాలి, ఎక్కడెక్కడ పొరపాటు జరుగుతుంది అన్నదే ఇక్కడి విషయం. మందుల మోతాదులు రాసింది కేస్‌షీట్‌లో ఏం జరుగుతోందో మీకు అర్థం కావడానికే. ఏ మందు, ఎంత అన్నది న్యూరాలజిస్టు నిర్ణయం.

వైరస్ పోయాక దాడి ఎవరిది

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ఎక్కువగా కణతల లోపలి వైపున ఉండే టెంపోరల్ లోబ్‌ను కొడుతుంది. జ్ఞాపకం, మాట, ప్రవర్తన అక్కడివే. నాడీకణాలు పగిలినప్పుడు వాటి ప్రోటీన్లు బయటపడి, మామూలుగా వాటిని ఎన్నడూ చూడని రోగనిరోధక కణాల కంటపడతాయి. కొందరిలో వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. ఎక్కువగా దొరికేది ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ. అది రిసెప్టర్లను జంటలుగా బిగించి, కణం వాటిని ఉపరితలం నుంచి లోపలికి లాగేసుకునేలా చేస్తుంది. కణం చావదు, దాని పని ఆగుతుంది. యాంటీబాడీని తగ్గిస్తే రిసెప్టర్లు మళ్లీ పైకి వస్తాయి. వైరస్ తిన్న భాగం తిరిగి రాదు గానీ యాంటీబాడీ ఆపిన పని తిరిగి రాగలదు. ఈ రెండో దెబ్బను పట్టుకోవాలని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మెదడు పదార్థం రోగనిరోధక వ్యవస్థ కంటపడితే ఏమవుతుందో మన పెద్దవాళ్ల తరానికి ఒక రకంగా తెలుసు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు వేసిన రోజుల్లో ఆ టీకా గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. అందులో బతికున్న వైరస్ లేకపోయినా, గొర్రె మెదడులోని పదార్థం వల్ల కొద్దిమందిలో శరీరం తన నరాల మీదే దాడికి దిగి పక్షవాతం వచ్చేది. మన దేశంలో ఆ టీకాను 2004 చివరితో మానేశారు. హెర్పిస్ తర్వాత జరిగేది అచ్చంగా అదే కాదు, లక్ష్యాలు వేరు. అయినా దారి అర్థం కావడానికి ఆ పోలిక పనికొస్తుంది.

ఎన్‌ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీ జబ్బును జోసెప్ దల్మావ్ బృందం 2007లో వివరించింది. అప్పటి రోగులు అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉన్న యువతులు. 2012లో జర్మనీ పరిశోధకులు హెర్పిస్ మెదడువాపు వచ్చిన 44 మంది నమూనాలను వెతికితే సుమారు 30 శాతంలో ఈ యాంటీబాడీలు కనిపించాయి. అసలు లెక్క 2018లో స్పెయిన్ నుంచి వచ్చింది. హెర్పిస్ మెదడువాపు వచ్చిన 51 మందిని మొదటి నుంచీ వెంబడించి చూస్తే 14 మందికి, అంటే 27 శాతానికి, ఆటోఇమ్యూన్ మెదడువాపు (సొంత రోగనిరోధక వ్యవస్థ దాడితో వచ్చే రకం) వచ్చింది. మొదటి జబ్బు మొదలైన తర్వాత మధ్యస్థంగా 32 రోజులకు అది బయటపడింది. ఆ 14 మందిలో 9 మందికి ఎన్‌ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీలు, మిగిలిన 5 మందికి వేరే నాడీకణ యాంటీబాడీలు ఉన్నాయి. నలుగురిలో ఒకరికి పైగా వచ్చేదాన్ని అరుదు అనడానికి లేదు.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. ఆటోఇమ్యూన్ జబ్బు రాని 37 మందిలో కూడా 11 మందికి యాంటీబాడీలు కనిపించాయి. అంటే రిపోర్టులో యాంటీబాడీ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కొత్త లక్షణం, యాంటీబాడీ రెండూ కలిస్తేనే మాట.

డిశ్చార్జి రోజున చేతికి రావలసినవి

డిశ్చార్జి కాగితం ఒక్కటే తీసుకుని బయల్దేరకండి. నెల తర్వాత అర్ధరాత్రి ఎమర్జెన్సీలో కొత్త డాక్టరు ముందు నిలబడినప్పుడు ఫైలులో ఇవి ఉండాలి.

మొదటిది వెన్ను నీరు రిపోర్టు, అందులో హెర్పిస్ పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) ఫలితం, నీరు తీసిన తేదీ. తేదీ ఎందుకంటే, జబ్బు మొదలైన తొలి 72 గంటల్లో చేసిన పీసీఆర్ ఒక్కోసారి తప్పుగా నెగెటివ్ వస్తుంది. అనుమానం బలంగా ఉంటే 3 నుంచి 7 రోజుల మధ్య మళ్లీ నీరు తీసి చూడాలి. రక్తంలో చేసే హెర్పిస్ ఐజీజీ, ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్షలతో మెదడు జబ్బును తేల్చలేం. పెద్దవాళ్లలో చాలామందికి ఐజీజీ ఎలాగూ పాజిటివే. ఫైలులో అది తప్ప పీసీఆర్ లేకపోతే డిశ్చార్జి కాకముందే అడగండి.

రెండోది ఎమ్మారై బొమ్మలున్న సీడీ లేదా పెన్‌డ్రైవ్. రిపోర్టు కాగితం చాలదు. రెండోసారి తీసినప్పుడు పాతదానితో పక్కపక్కన పెట్టి పోల్చాలి. అప్పుడే కొత్తగా కణం చచ్చిన చోటు ఉందో లేదో తెలుస్తుంది.

మూడోది ఎసైక్లోవిర్ లెక్క. మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఒక్కో డోసు. పెద్దవాళ్లకు కిలోకు 10 మి.గ్రా. చొప్పున 8 గంటలకోసారి, 14 నుంచి 21 రోజులు నరం ద్వారా ఇస్తారు. 60 కిలోల మనిషికి డోసు 600 మి.గ్రా., 21 రోజులకు 63 డోసులు. నవజాత శిశువులకు కిలోకు 20 మి.గ్రా. చొప్పున 21 రోజులు. పది రోజులకే ఆపి మాత్రలు రాసిచ్చి పంపితే తర్వాత వచ్చే దిగజారుడులో వైరస్ వాటా ఎంతో తేల్చడం కష్టం. మాత్రలుగా వేసుకున్న ఎసైక్లోవిర్ మెదడులో కావలసినంత మోతాదుకు చేరదు. పూర్తి కోర్సు తర్వాత మూడు నెలలు వాలాసైక్లోవిర్ మాత్రలు వేస్తే లాభముంటుందా అని పరీక్షించిన అధ్యయనం 2015లో వచ్చింది. అదనపు మేలు కనిపించలేదు.

నాలుగోది ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సోడియం విలువలు, ఇంటికి రాసిన ఫిట్స్ మందుల పేర్లు, మోతాదులు. దానితోపాటు ఒక ప్రశ్న అడగండి: "వెన్ను నీరు కొంచెం ఫ్రీజర్‌లో దాచారా?" దాచి ఉంటే తర్వాత పోలికకు అక్కరకొస్తుంది. ఇంకొక మాట కూడా అడగండి, మూడు నాలుగు వారాలకు ఓపీ తేదీ రాసివ్వమని. మొదటి మూడు వారాల్లోపు యాంటీబాడీలు కనిపించినవాళ్లకే ఆ తర్వాత జబ్బు వచ్చే అవకాశం బాగా ఎక్కువని స్పెయిన్ అధ్యయనం చూపింది. "మూడు నెలల తర్వాత రండి" అంటే ఆ కీలకమైన సమయమంతా ఇంట్లోనే గడిచిపోతుంది.

ఇంట్లో: వారానికో వీడియో, రోజుకో గీత

మెదడువాపు నుంచి కోలుకోవడం మెట్లు ఎక్కడం లాంటిది. ఒక మెట్టు మీద వారం పది రోజులు ఆగడం మామూలే. ఆగడం గురించి భయపడకండి. ఎక్కిన మెట్టు దిగితే మాత్రం భయపడాలి. వైరస్ మిగిల్చిన లోపం ఉన్నచోటే ఉంటుంది, లేదా నెమ్మదిగా తగ్గుతుంది. నిన్న వచ్చిన పని ఇవాళ పోవడం దాని స్వభావం కాదు.

కానీ రోజూ పక్కనే ఉండేవాళ్లకు ఆ దిగడం కనిపించదు. అందుకే కొలత కావాలి. డిశ్చార్జి రోజున రెండు నిమిషాల వీడియో తీయండి. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే చోట, అదే వేళకు, అవే పనులు చేయించి తీయండి. పెద్దవాళ్లయితే: పేరు, ఊరు, ఇవాళ ఏ వారమో చెప్పించండి. ఒక నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు చెప్పగలరో లెక్కపెట్టండి. 20 నుంచి వెనక్కి లెక్కపెట్టించండి. రెండు చేతులూ ముందుకు చాచి 20 సెకన్లు, నాలుక బయటపెట్టి 10 సెకన్లు ఉంచమనండి. పది అడుగులు నడిపించండి. చాచిన చేతివేళ్లు వాటంతటవే వీణ మీటుతున్నట్టు కదలడం, బయటపెట్టిన నాలుక నిలవక లోపలికి జారిపోవడం వైద్యుడికి చాలా చెప్పే గుర్తులు. మాటలతో వర్ణిస్తే పోయేవి వీడియోలో పోవు.

చంటిపిల్లలైతే బొమ్మ అందుకోవడం, ఆనుకోకుండా కూర్చోవడం, పాలు లేదా అన్నం మింగడం, పిలిస్తే చూడటం, నిద్రలో ఉండటం తీయండి. నిద్ర వీడియో ఎందుకంటే, మెలికల కదలికలు చాలావరకు నిద్రలో ఆగిపోతాయి. ఫిట్స్ అలా ఆగవు. ఈ తేడా డాక్టరుకు కావాలి.

క్యాలెండరులో ప్రతి తేదీ కింద నాలుగు విషయాలు గీతలుగా పెట్టండి: ఎన్ని గంటల నిద్ర, ఎన్ని ఫిట్స్, ఎన్నిసార్లు మింగడంలో ఇబ్బంది, ఎన్నిసార్లు అదుపులేని కోపం లేదా భ్రమ. ఒక్క రోజు గీతతో ఏదీ తేలదు. మూడు రోజులు వరసగా పెరిగితే ఫోను తీయాలి.

వయసును బట్టి రూపం మారుతుంది. 4 ఏళ్లలోపు పిల్లల్లో ముందుగా కనిపించేవి మెలికల కదలికలు, ఆపలేని ఏడుపు, మత్తు, ఫిట్స్. వీళ్లలో ఒక్కోసారి మధ్యలో కోలుకున్న విరామమే ఉండదు. ఎసైక్లోవిర్ కోర్సు చివరి రోజుల్లోనే రెండోది మొదలై, మొదటిదాంట్లో కలిసిపోతుంది. పెద్దపిల్లల్లో, పెద్దవాళ్లలో ప్రవర్తన ముందు మారుతుంది. అనుమానాలు, భ్రమలు, నిద్రలేమి, మాట తగ్గి చివరికి మూగబోవడం, ఒకే భంగిమలో బిగుసుకుపోవడం, కొత్తగా జ్ఞాపకం చెదరడం.

పెద్దవాళ్లలో ఈ రూపం ఇల్లు దారితప్పే చోటు. గాలి సోకిందని, ఎవరో చేయించారని తాయెత్తుకు తీసుకెళ్లే కుటుంబాలు ఉన్నాయి. నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. మొక్కులు మొక్కుకోండి, కానీ బండి న్యూరాలజీ ఉన్న ఆసుపత్రికే తిప్పండి. మానసిక వైద్యుడిని కలిసినా మొదటి వాక్యం "నెల క్రితం మెదడువాపు వచ్చింది" అనే ఉండాలి. హాలోపెరిడాల్ లాంటి మానసిక జబ్బు మందులకు ఈ జబ్బులో ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం పెరిగి ప్రాణాపాయం దాకా వెళ్లే ప్రమాదం ఎక్కువ. ఆ చరిత్ర తెలిస్తే వైద్యుడు ఆ మందు జోలికి వెళ్లకుండా లోరాజెపామ్ లాంటివి, తక్కువ మోతాదులో క్వెటియాపిన్ లాంటివి ఎంచుకుంటారు.

దిగజారడానికి కారణం ప్రతిసారీ ఇదే కాదు. లెవెటిరాసిటామ్ అనే ఫిట్స్ మందు మోతాదు పెంచిన వారంలోనే చిరాకు, కోపం పెరిగితే ఆ మందు చేస్తున్న పని కావచ్చు. ఫిట్స్ మాత్ర మరిచిపోవడం, సోడియం పడిపోవడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బయటికి కనిపించకుండా మెదడులో సాగే ఫిట్స్ కూడా ఇలాగే ఉంటాయి. ఎసైక్లోవిర్ ఇంకా ఎక్కుతుండగా మూత్రం తగ్గి భ్రమలు మొదలైతే కిడ్నీ, మందు రెండింటినీ చూడాలి. ఆ మందు కిడ్నీలో స్ఫటికాలుగా పేరుకోగలదు. అందుకే కనీసం గంటసేపు నెమ్మదిగా, నీళ్లు సరిపడా ఇస్తూ ఎక్కించాలి. ఇవన్నీ తేల్చాల్సినవే. కానీ ఒకదాని తర్వాత ఒకటి వారాల తరబడి కాదు, ఒకే రోజున.

ఎదురుచూడకుండా అదే రోజు బయల్దేరాల్సినవి: అయిదు నిమిషాలు దాటిన ఫిట్, ఒక ఫిట్ తర్వాత స్పృహ రాకుండానే ఇంకొకటి, లేపితే లేవని మత్తు, నీళ్లు మింగలేకపోవడం, కొత్తగా జ్వరం. 108కి ఫోన్ చేసి ఫైలు చేతిలో పట్టుకుని వెళ్లండి.

ఆసుపత్రిలో: ఏం చెప్పాలి, ఏ వరసలో జరగాలి

చెప్పాల్సినది ఒకే వాక్యంలో చెప్పండి: "ఫలానా తేదీన హెర్పిస్ మెదడువాపు, పీసీఆర్ పాజిటివ్, 21 రోజులు ఎసైక్లోవిర్ అయింది, బాగుపడి మళ్లీ ఫలానా తేదీ నుంచి దిగజారుతున్నాడు. వైరస్ తిరగబెట్టిందా, ఆటోఇమ్యూనా అని చూడాలి." ఈ వాక్యం లేకపోతే ఎమర్జెన్సీలో "పాత ఫిట్స్ పేషెంటు" అని ఒక ఇంజక్షన్ ఇచ్చి పంపేసే అవకాశం ఉంది.

ముందు చక్కెర, సోడియం, క్రియాటినిన్, ఫిట్స్ మందుల స్థాయి. అదే రోజు ఈఈజీ. తర్వాత కాంట్రాస్టుతో (నరంలోకి ఎక్కించే, బొమ్మలో వెలిగి కనిపించే మందుతో) ఎమ్మారై. పాత సీడీతో పోల్చి చూడాలి. పాత గాయం వారాల తరబడి కాంట్రాస్టును పీలుస్తూనే ఉంటుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. ఇంతకుముందు లేని చోట కొత్తగా కణజాలం చచ్చి, రక్తం చిమ్మి ఉంటే వైరస్ వైపు అనుమానం పెరుగుతుంది. ఆటోఇమ్యూన్‌లో అలాంటి కొత్త నెత్తుటి గాయం సాధారణంగా ఉండదు.

అసలు తీర్పు వెన్ను నీటిది. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి వివరంగా చెప్పాలి.

రెండోసారి వెన్ను నీరు తీయడానికి ఇంట్లోవాళ్లు భయపడతారు. "మొన్ననే తీశారు కదా" అని వద్దంటారు. మొన్నటి నీరు మొన్నటి జబ్బు సంగతి చెప్పింది. ఇవాళ్టి ప్రశ్నకు ఇవాళ్టి నీరే కావాలి. కణాల సంఖ్య, ప్రోటీన్, చక్కెర, హెర్పిస్ పీసీఆర్, యాంటీబాడీల పరీక్ష అన్నీ ఒకేసారి తీసిన నీటిలో చేయించాలి. కణాలు, ప్రోటీన్ పెరిగి ఉన్నాయన్న ఒక్క మాటతో వైరస్ ఉందని అనుకోవద్దు. మొదటి జబ్బు తాలూకు కణాలు వారాల పాటు మిగులుతాయి. ఒకటి రెండు మి.లీ. అదనంగా తీసి ఫ్రీజర్‌లో పెట్టమని అడగండి. మొదటి యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చి ఇంకో ల్యాబ్‌కు పంపాల్సి వస్తే మళ్లీ గుచ్చే పని ఉండదు.

యాంటీబాడీల పరీక్ష నీటిలోనూ రక్తంలోనూ, రెండింటిలోనూ పంపాలి. ఒక్క రక్తమే పంపడం తరచూ జరిగే పొరపాటు. ఎన్‌ఎండీఏ రిసెప్టర్ జబ్బులో వెన్ను నీటిలో మాత్రమే యాంటీబాడీలు ఉండి రక్తంలో లేనివాళ్లు ఏడుగురిలో ఒకరుంటారు. ఒకటే పంపగలిగితే నీటినే పంపండి. నమూనాలు ఇమ్యూనోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించకముందు, ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని మిషన్‌తో తీసి మార్చడం) చేయకముందు తీయాలి. దాతల యాంటీబాడీలు కలిశాక, లేదా రోగి యాంటీబాడీలు కడిగేశాక వచ్చే రిపోర్టును నమ్మడం కష్టం.

మన దగ్గర ల్యాబులు చేసే "ఆటోఇమ్యూన్ ఎన్‌కెఫలైటిస్ ప్యానెల్"లో సాధారణంగా ఎన్‌ఎండీఏ, ఏఎంపీఏ, గాబా-బి, ఎల్‌జీఐ1, క్యాస్పర్2 అనే నాడీకణ ప్రోటీన్లను పట్టుకునే యాంటీబాడీల పరీక్షలు ఉంటాయి. హెర్పిస్ తర్వాత పుట్టే యాంటీబాడీలు కొన్ని ఈ జాబితాలో లేవు. స్పెయిన్ అధ్యయనంలోని ఆ 5 మందిని గుర్తుచేసుకోండి. కాబట్టి ప్యానెల్ నెగెటివ్ అయినంత మాత్రాన తలుపు మూసుకోకూడదు. పీసీఆర్ నెగెటివ్, కొత్త నెత్తుటి గాయం లేదు, మెలికలు లేదా ప్రవర్తన మార్పు స్పష్టంగా ఉంది అంటే అనుభవం ఉన్న న్యూరాలజిస్టు యాంటీబాడీ లేకపోయినా చికిత్స మొదలుపెట్టవచ్చు. రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. అన్నాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవడం సరికాదని మా గట్టి అభిప్రాయం.

పీసీఆర్ ఫలితం వచ్చేదాకా ఎసైక్లోవిర్ మళ్లీ మొదలుపెట్టడం తెలివైన పని. నెగెటివ్ వస్తే ఆపుతారు. పాజిటివ్ వస్తే వైరస్‌కు పూర్తి కోర్సు ఇస్తారు.

ఆడపిల్లలకు, స్త్రీలకు పొట్ట కింది భాగం స్కాన్ చేసి అండాశయంలో గడ్డ లేదని చూసుకుంటారు. హెర్పిస్ వెనక వచ్చిన రకంలో గడ్డ ఉండటం మామూలుగా జరగదు. అయినా ఒక అల్ట్రాసౌండ్‌తో పోయేదాన్ని వదలడం ఎందుకు.

చికిత్స జరుగుతున్నప్పుడు చూసుకోవాల్సినవి

స్టెరాయిడ్ ఇస్తే దాగున్న వైరస్ లేస్తుందేమోనన్న భయం వైద్యుల్లోనూ ఉంటుంది. పీసీఆర్ నెగెటివ్ వచ్చాక ఇచ్చిన రోగుల్లో అలా జరగడం కనిపించలేదు. ఆ భయంతో రెండు మూడు వారాలు గడిపేస్తే నష్టపోయేది మెదడు.

మొదటి వరస చికిత్సలు మూడు. మొదటిది స్టెరాయిడ్: మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము, పిల్లలకు కిలోకు 30 మి.గ్రా., 1 గ్రాము దాటకుండా, 3 నుంచి 5 రోజులు. కనీసం గంటసేపు ఎక్కించాలి, చక్కెర, బీపీ చూస్తూ ఉండాలి. మన దేశంలో ముందు ఒక ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి అనుకోండి, దాగున్న టీబీ స్టెరాయిడ్‌తో లేస్తుంది. తర్వాత మాత్రలు రాస్తే డాక్టరు చెప్పిన పద్ధతిలో తగ్గిస్తూ రావాలి తప్ప ఒంట్లో బాగుందని ఒక్కసారిగా మానేయకూడదు.

రెండోది ఇమ్యూనోగ్లోబులిన్. కిలోకు మొత్తం 2 గ్రాములు, 5 రోజులకు పంచి. 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు, రోజుకు 24 గ్రాములు. 5 గ్రాముల సీసాలైతే 24 కొనాలి. ఖరీదైన మందు కాబట్టి ఈ లెక్క ముందే వేసుకుంటే డబ్బు సమకూర్చుకోవడానికి, పథకాల కౌంటరు దగ్గర అడగడానికి వ్యవధి ఉంటుంది. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతారు. నీళ్లు సరిగా అందకపోతే తలనొప్పి, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతాయి.

మూడోది ప్లాస్మా మార్పిడి, రోజు విడిచి రోజు 5 నుంచి 7 సార్లు. ఇమ్యూనోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి రెండూ చేయాలనుకుంటే మార్పిడి ముందు, ఇమ్యూనోగ్లోబులిన్ తర్వాత. తిరగేస్తే లక్షలు పోసి ఎక్కించిన మందును మిషనే తోడి పారేస్తుంది.

రెండు వారాలు దాటినా మెరుగుదల లేకపోతే రెండో వరస మందులైన రిటుక్సిమాబ్ లేదా సైక్లోఫాస్ఫమైడ్ (రోగనిరోధక వ్యవస్థను అణిచేవి) గురించి అడగండి. రిటుక్సిమాబ్ ఇచ్చేముందు హెపటైటిస్ బి పరీక్ష రెండు రకాలుగా జరగాలి: హెచ్‌బీఎస్ యాంటిజెన్, కోర్ యాంటీబాడీ. మొదటిది ఒక్కటే చేసి ఊరుకుంటే పాత, నిద్రాణమైన వైరస్ కనిపించదు. రిటుక్సిమాబ్ తర్వాత అది లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు.

మామూలు ఎన్‌ఎండీఏ జబ్బులో, 577 మందిని చూసిన 2013 నాటి అధ్యయనం ప్రకారం, మొదటి వరస చికిత్సకు నాలుగు వారాల్లో 53 శాతం మంది మెరుగయ్యారు. హెర్పిస్ వెనక వచ్చినప్పుడు కోలుకోవడం అంత బాగా ఉండదు, ఎందుకంటే కింద వైరస్ చేసిన గాయం ఉంది. 4 ఏళ్లలోపు పిల్లల్లో మరీ కష్టం. మెలికలు, మత్తు తగ్గి, మళ్లీ ముందటి మెట్టుకు చేరడమే మొదటి గమ్యంగా పెట్టుకోండి. యాంటీబాడీ టైటర్ (రక్తంలో దాని స్థాయి) తగ్గిందా లేదా అని నెలనెలా పరీక్ష చేయించి డబ్బు పోగొట్టుకోకండి. కోలుకున్నాక కూడా అది చాలాకాలం ఉండొచ్చు. కొలత ఆదివారం వీడియోనే.

జపనీస్ మెదడువాపు వచ్చిన ఇళ్లకు

మన పల్లెల్లో మెదడువాపు అంటే చాలామందికి గుర్తొచ్చేది హెర్పిస్ కాదు, వరి మళ్ల దోమలతో వచ్చే జపనీస్ మెదడువాపు. పందుల్లో, కొంగల్లో పెరిగి క్యూలెక్స్ దోమ ద్వారా పిల్లలకు చేరుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట 1955లో వేలూరులో గుర్తించారు. దీని తర్వాత కూడా ఎన్‌ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీల జబ్బు వచ్చిన రోగుల వివరాలు ప్రచురితమయ్యాయి. అయితే హెర్పిస్‌కు ఉన్నంత గట్టి లెక్కలు దీనికి లేవు.

ఇక్కడ తికమక ఎక్కువ. జపనీస్ మెదడువాపే మెదడు లోతుల్లోని థాలమస్‌ను, బేసల్ గాంగ్లియాను కొట్టి బిగుతు, వణుకు, మెలికలు తెస్తుంది. కాబట్టి మెలికలు ఉండటం దేన్నీ తేల్చదు. మెలికలు తగ్గి, మళ్లీ రావడం తేలుస్తుంది. ఇంకో ఉచ్చు వెన్ను నీటిలో ఐజీఎం పరీక్ష. అది వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు పాజిటివ్‌గానే ఉంటుంది. రెండోసారి కూడా పాజిటివ్ వచ్చింది కాబట్టి వైరస్ ఇంకా బతికే ఉందని ఎవరైనా అంటే, యాంటీబాడీల ప్యానెల్ కూడా పంపమని నెమ్మదిగా అడగండి. జపనీస్ వైరస్‌ను చంపే మందు లేదు కనుక, చికిత్స చేయగలిగిన ఈ రెండో జబ్బును వదులుకోవడం ఇంకా అన్యాయం.

జబ్బు ఉన్న జిల్లాల్లో 9 నెలలకు ఒకటి, 16-24 నెలల మధ్య ఒకటి చొప్పున టీకా ప్రభుత్వమే ఇస్తుంది. ఇంట్లో మిగిలిన పిల్లల కార్డులు తీసి చూడండి.

ఇంటికి మళ్లీ వచ్చాక

ఫిట్స్ పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా ఒంటరిగా స్నానం, బావి, చెరువు, పొయ్యి, బండి నడపడం వద్దు. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టి సమయం వృథా చేయకండి. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ స్టెరాయిడ్ కోర్సు ముగియక ముందే మొదలుపెట్టొచ్చు. బడికి పంపేముందు జ్ఞాపకం, శ్రద్ధ ఎంతున్నాయో సైకాలజిస్టుతో కొలిపించి టీచరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లవాడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు కాబట్టి లోపం లేదనుకుని కొట్టే బళ్లు ఉన్నాయి.

చంటిపిల్లల టీకాల విషయం డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. కిలోకు 2 గ్రాముల ఇమ్యూనోగ్లోబులిన్ పట్టిన బిడ్డకు మీజిల్స్-రుబెల్లా టీకా 11 నెలలు ఆగి వేయాలి, అంతకన్నా ముందు వేస్తే అది సరిగా పట్టదు. రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లకు బతికున్న వైరస్‌తో చేసే టీకాలు ఎప్పుడు మొదలుపెట్టాలో న్యూరాలజిస్టే చెప్పాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు ఆ కాగితం చూపించి, టీకా కార్డు మీద కొత్త తేదీ ఎర్ర సిరాతో రాయించండి.